పన్నెండో నెల

మా అమ్మకు ఏడాదిలో పదకొండు నెలలు ఒక ఎత్తు, పన్నెండో నెల ఒక్కటీ ఒక ఎత్తు.

రాజమండ్రిలో మేమున్న ఇళ్లన్నీ అద్దె వాటాలే. రెండు గదులు, వెనక వంటపంచ, నాలుగు కుటుంబాలకు కలిపి ఒక నుయ్యి. కాగితం మీద రాసుకోవడం ఏమీ లేదు, అంతా నోటిమాటే. అందులో ఒక ఇంట్లో మేం చేరింది వైశాఖంలో. అందుకని ఏటా వైశాఖం వస్తోందంటే అమ్మ వాకిలి రెండుపూటలా ఊడ్చేది. మేం నూతిగట్టు దగ్గర గట్టిగా నవ్వితే కసిరేది. కొత్తావకాయ కలిపిన మూడోనాడే ఒక సీసాడు తీసి మేడమీద ఇంటిగలవాళ్లకు పంపేది. ఆ సీసా నేనే పట్టుకెళ్లేదాన్ని. అద్దె పెంచుతారేమో, ఖాళీ చెయ్యమంటారేమో అన్న రెండు భయాలు ఆ సీసాలో ఉన్నాయని అప్పుడు నాకు తెలీదు. నూనె ఒలక్కుండా మెట్లెక్కడమే నాకు పెద్ద పని.

1991 గోదావరి పుష్కరాలప్పుడు నాకు ఏడేళ్లు. ఇంటిగలవాళ్ల చుట్టాలు స్నానాలకు వస్తున్నారు, మీ ముందుగది పన్నెండు రోజులు ఇస్తారా అని అడిగారు. నాన్న సరేనన్నారు. మేం అయిదుగురం రెండో గదిలోనూ వంటపంచలోనూ సర్దుకుని పడుకున్నాం. ఆ నెల అద్దె మాత్రం పూర్తిగానే ఇచ్చాం. నాన్న ఆ డబ్బు లెక్కపెట్టి కవర్లో పెడుతుంటే చూస్తూ నేనొక మాట మనసులో రాసుకున్నాను: ఇల్లున్నవాళ్లకు అద్దె అంటే ఊరికే వచ్చే డబ్బు. ఆ మాటను చెరిపెయ్యడానికి నాకు ముప్పైమూడేళ్లు పట్టింది. చెరిపింది కూడా ఏ పెద్దమనిషి హితవో కాదు, నేను స్వయంగా వేసుకున్న లెక్క.

నేను జహీరాబాద్ దగ్గర ఒక కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మావారు అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతారు. ఊళ్లో 9,000 రూపాయల అద్దె ఇంట్లో ఉంటాం. పదిహేనేళ్లుగా దాచుకున్నదీ, నాన్న పోయాక నా వాటాకు వచ్చిందీ కలిపితే డిపాజిట్లలో 32 లక్షలు తేలింది. నాకు నలభై నిండుతున్నాయి. ఎప్పటికైనా హైదరాబాదులో ఒక ఇల్లు కావాలి. ఇప్పట్లో అక్కడ ఉండే వీలు లేదు. అయితే కొని అద్దెకిద్దాం అనుకున్నాం. అలా మియాపూర్‌లో, మెట్రో స్టేషన్‌కు పావుగంట నడకలో, 2006లో కట్టిన ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు చూశాం. ధర 52 లక్షలు. ఆ చుట్టుపక్కల అలాంటి ఇంటికి 16,000 అద్దె వస్తోంది. నేను వెంటనే పదహారును పన్నెండుతో హెచ్చవేశాను. ఏడాదికి 1,92,000. అంత డబ్బు మా అమ్మానాన్నలు ఎన్నేళ్లు కష్టపడితే చూశారో తలుచుకుని నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు మా బాబాయికి ఆ కాగితం చూపించాను. ఆయన బ్యాంకులో ఇళ్ల రుణాల బల్ల దగ్గరే చాలా ఏళ్లు కూర్చుని రిటైరయ్యారు. కళ్లజోడు పెట్టుకుని నా అంకె చూసి, కాగితం నాకే తిరిగిచ్చేశారు.

"హెచ్చవేత అందరికీ వస్తుందమ్మా. నువ్వు తీసివేతలు రాసుకురా, అప్పుడు మాట్లాడుకుందాం."

"ఏం తియ్యాలి బాబాయ్?"

"ముందు పన్నెండులోంచి ఒకటి తియ్యి. ఏ ఇల్లూ పన్నెండు నెలలూ నిండుగా ఉండదు. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చే మధ్యలో రంగులు వేయించాలి, టులెట్ బోర్డు కట్టాలి, వచ్చినవాళ్లకు నచ్చాలి. అన్ని ఏళ్లూ ఖాళీ పడకపోవచ్చు. పడుతుందనుకునే లెక్క కట్టుకో. పన్నెండో నెల నీది కాదు."

ఆ మాట దగ్గర నాకు ఆవకాయ సీసా గుర్తొచ్చింది. మేడకింద మేం ఏ నెలకు భయపడ్డామో, మేడమీద లెక్కలోనూ అదే నెల బరువైనదన్నమాట.

అక్కణ్నుంచి నా చదువు మొదలైంది. రాత్రి వంటపనీ పిల్లాడి హోంవర్కూ అయ్యాక ఒక రూళ్ల నోటుబుక్కు ముందేసుకుని కూర్చునేదాన్ని. మొదటి పేజీకి "ధర పైన ధర" అని పేరు పెట్టాను. 52 లక్షలకు ఇల్లు 52 లక్షలకు రాదు. తెలంగాణలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము అర శాతం, మొత్తం ఏడున్నర. అంటే 3,90,000. మధ్యవర్తికి ఒక శాతం, 52,000. రంగులు, కొళాయిలు, మార్చాల్సిన వైర్లకు లక్ష. వకీలు చూడ్డానికి, బ్యాంకు ప్రాసెసింగుకు కలిపి 28,000. నోటుబుక్కులో అడుగున తేలిన అంకె 57,70,000.

ఇక్కడ కొత్తగా కొనేవాళ్లకు ఒక దెబ్బ కాచుకుని ఉంటుంది. బ్యాంకు రుణం ఇంటి ధర మీదే లెక్కిస్తుంది. 30 లక్షల లోపు రుణమైతే ధరలో 90 శాతం దాకా, ఆపైన 75 లక్షల వరకూ 80 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నియమం. పది లక్షల లోపు ఇళ్లను మినహాయిస్తే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ ధరలో కలపడానికి వీల్లేదు. అవి పూర్తిగా మన చేతి డబ్బే. 20 శాతం ఉంటే ఇల్లు కొనొచ్చు అనుకుని బయల్దేరినవాళ్లకు నిజంగా కావాల్సింది 30 శాతం దాకా అవుతుంది. మధ్యలో తేడాకు బంగారం కుదువపెట్టేవాళ్లనూ, స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చేవాళ్లనూ బాబాయి ఎంతోమందిని చూశారట. ఇల్లు కొన్న మొదటి నెలే అలా రెండు అప్పులతో మొదలవుతుంది.

ఇంకో పాఠం అమ్మేవారి ఇంటి సోఫాలో నేర్చుకున్నాను. "దస్తావేజులో ప్రభుత్వ విలువ వేసుకుందామమ్మా, మిగతాది నగదు ఇవ్వండి. మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది" అన్నారాయన. మర్యాదగానే అన్నారు, అందరూ చేసేదే అన్నట్టు. నేను అడిగి రెండు రోజులు గడువు తీసుకున్నాను. నోటుబుక్కులో వేసి చూస్తే, 30 లక్షలే రాసుకుంటే రిజిస్ట్రేషన్‌లో 1,65,000 తగ్గుతుంది. కానీ రేపు నేను అమ్మినప్పుడు, కొన్న ధర 30 లక్షలేనని నా దస్తావేజే నా మీద సాక్ష్యం చెబుతుంది. 2024 జూలై 23 తర్వాత కొన్న ఇంటికి అమ్మినప్పటి దీర్ఘకాల లాభంపై 12.5 శాతం పన్ను. ద్రవ్యోల్బణం పేరుతో కొన్న ధరను పెంచి చూపే వెసులుబాటు ఇక లేదు. దాచిన 22 లక్షల మీద ఆ పన్నే 2,75,000 అవుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000, అంతకు మించిన సొమ్ము నగదుగా తీసుకోకూడదని చట్టం. లెక్క ఇలా తేలకపోయినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. నాన్న గుమస్తాగా బతికినన్నాళ్లూ ఒక్క దొంగ రశీదు రాయలేదు. ఆయన వాటాగా వచ్చిన డబ్బుతో కొనే ఇంటికి మొదటి కాగితమే అబద్ధంతో రాయించడం నాకు చేతకాదు. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. 50 లక్షలు, ఆపైన ధర కాబట్టి ఒక శాతం, అంటే 52,000 ఆయనకిచ్చే సొమ్ములో పట్టుకుని ఆయన పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు కట్టే బాధ్యత కొనేవాళ్లదేనని కూడా ఆ వారంలోనే తెలుసుకున్నాను.

రెండో పేజీ అప్పు. 30 లక్షలు, 9 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ 26,992. ఆ అంకెను అందరూ చూస్తారు. దాని లోపలికి చూడమన్నారు బాబాయి. మొదటి నెల వడ్డీ 22,500. అసలుకు జమయ్యేది 4,492. ఏడాదంతా కట్టేది 3,23,904 అయితే అసలు తగ్గేది సుమారు 56,000. ఇరవయ్యేళ్లూ ఇలాగే కడితే బ్యాంకుకు చేరేది 64 లక్షల 78 వేలు. అంటే 30 లక్షల అప్పుకు వడ్డీయే 34 లక్షల 78 వేలు. ఆ పేజీ రాసిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వడ్డీ రేటు మారితే ఏమవుతుందన్నది మూడో పేజీ. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. పది నెలలు తిరక్కుండా రెండున్నర శాతం. 2022 మొదట్లో 7 శాతానికి ఇదే 30 లక్షలు ఇరవయ్యేళ్లకు తీసుకున్నవాళ్లను ఊహించుకున్నాను. వాళ్ల ఈఎంఐ 23,259. ఆ పెంపు మొత్తం వాళ్ల మీద పడితే రేటు తొమ్మిదిన్నర. అప్పుడు నెల వడ్డీయే దాదాపు 23,750. కడుతున్న కంతు వడ్డీకే చాలదు. నెలనెలా కడుతూనే ఉన్నా అప్పు తరగకపోగా పెరుగుతుంది. బ్యాంకు కంతు పెంచకుండా గడువు సాగదీస్తే చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు. అందుకే ఏటా ఒకసారి మిగిలిన అసలెంత, మిగిలిన నెలలెన్ని అని స్టేట్‌మెంటు తీయించి చూసుకోవడం ఇల్లు తుడుచుకున్నంత మామూలు పని కావాలి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదన్న నియమం మనకొక ఊరట. బోనస్ వచ్చిన ఏడాది ఒక పాతికవేలు అసలుకు జమ చేసినా, అది మొదటి ఏళ్లలో దాదాపు అయిదు నెలల కంతుల్లోని అసలుతో సమానం.

నాలుగో పేజీ అద్దెది. బాబాయి చెప్పినట్టే పదకొండు నెలలు వేశాను: 1,76,000. అందులోంచి మున్సిపాలిటీ ఆస్తిపన్ను 4,000. ఆ బిల్లులోనే గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు కనిపించింది. నేను చిన్నప్పుడు ఊరి లైబ్రరీలో ఉచితంగా చదువుకున్న పుస్తకాలకు ఎవరి ఇంటిపన్నులోంచో డబ్బొచ్చిందన్నమాట. ఆ ఒక్క గీత కొట్టేసేటప్పుడు మాత్రం చేయి సంతోషంగా కదిలింది. నెలవారీ మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే కడతారు. కానీ లిఫ్టు మార్చాలన్నా, బోరు ఎండి కొత్తది వెయ్యాలన్నా, బయట గోడలకు రంగులన్నా ఓనర్లే వేసుకోవాలి. దానికి ఏడాదికి 10,000 పక్కన పెట్టాను. ఇంటి లోపలి మరమ్మతులకు 12,000. మిగిలింది 1,50,000. నేను పెట్టే 57,70,000 మీద చూస్తే రెండున్నర శాతం చిల్లర. నా చేతి డబ్బు 27,70,000 డిపాజిట్లలోనే ఉంచితే అప్పటి ఏడు శాతం వడ్డీకి 1,94,000 దాకా వచ్చేది. ఇక్కడ ఆ వడ్డీ పోతుంది. దాని పైన ఈఎంఐకీ ఆ మిగిలిన అద్దెకీ మధ్య తేడా ఏడాదికి 1,74,000, అంటే నెలకు 14,500, నా జీతంలోంచి ఎదురు వేసుకోవాలి.

ఆదాయపు పన్ను పేజీ నా ఆశల్లో చివరిది. అద్దెకిచ్చిన ఇల్లుంటే పన్ను కలిసొస్తుందని అందరూ అంటారు. నియమం సూటిగానే ఉంది. వచ్చిన అద్దెలోంచి కట్టిన ఆస్తిపన్ను తీసేస్తారు. మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులకని తీసేస్తారు, మనం అంత ఖర్చుపెట్టినా పెట్టకపోయినా. ఆ తర్వాత రుణంపై వడ్డీ తీసేస్తారు. నాకు ఏడాది నిండా అద్దె వచ్చినా 1,36,000 నష్టం తేలింది. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లు అలాంటి నష్టాన్ని ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ అవకాశం లేదు. నేను ఎంచుకున్నది కొత్త పద్ధతి. ఇంటద్దె మీద పన్ను ఉండదు, జీతం మీద పన్నూ తగ్గదు. ఆ నియమంలో నన్ను ఆపేసింది మాత్రం ఆ 30 శాతం. అద్దెలో మూడోవంతుకు దగ్గరగా ఇంటికే తిరిగి పోతుందని చట్టమే ఒప్పుకుంది. ఖాళీగా ఉన్న నెలకు రాని అద్దెను వచ్చినట్టు రాసుకోమని కూడా అది అనదు. చట్టం రాసినవాళ్లకు తెలిసిన తీసివేత నాకు నలభయ్యేళ్లకు తెలిసింది.

ఇన్ని పేజీలు రాశాక ఎవరైనా అడగాల్సిన ప్రశ్న మావారే అడిగారు. "మరి ఎందుకు కొనడం?"

దానికి జవాబు లింకు డాక్యుమెంట్లు చదువుతుంటే దొరికింది. వకీలు ముప్పయ్యేళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయించి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఆ నేల వచ్చిందో వరసగా చూపించారు. మూడో అంతస్తు మంజూరైన ప్లానులో ఉందని చూపించారు. చివర దస్తావేజులో ఒక వాక్యం కింద గీత గీశారు: ఫ్లాటుతో పాటు అపార్ట్‌మెంట్ నేలలో 38 గజాల విడదీయని వాటా. గోడలు ఏటేటా పాతబడతాయి. అద్దె ఇచ్చేది గోడలు. కాలంతో విలువ పెరిగితే పెరిగేది ఆ 38 గజాలు. అందుకే చుట్టూ అన్ని సోకులూ ఉన్న కొత్త టవర్లలో అంతకంటే తక్కువ నేల వచ్చే ఫ్లాటు కంటే, ఈ పాత కట్టడంలో మూడో అంతస్తు మాకు నయమనిపించింది. నేల ధర పెరుగుతుందని నేను లెక్కలో రాయలేదు. పెరక్కపోయినా మేం నిలబడగలమా అన్నదే రాసుకున్నాను. నెలకు 14,500 ఇరవయ్యేళ్లు కట్టగలమా? కట్టగలం. ఆర్నెల్లు జీతం ఆగితే? అన్నీ పోను డిపాజిట్లో మిగిలిన 4 లక్షల 30 వేలు ఆ ఆర్నెల్ల కంతులకూ ఇంటి ఖర్చుకూ సరిపోతుంది. నాకు అరవయ్యేళ్లు వచ్చేసరికి అప్పు తీరుతుంది. జీతం ఆగే నెల నుంచి అద్దె పూర్తిగా మా చేతికొస్తుంది. ఇరవయ్యేళ్లు నా జీతం ఆ ఇంటిని పోషిస్తే, ఆ తర్వాత అది మమ్మల్ని పోషిస్తుంది. పల్లెల్లో కొబ్బరిమొక్క పెట్టేవాళ్లు ఈ లెక్కతోనే పెడతారు.

ఈ మాట నాకు నేను చెప్పుకున్నంత గట్టిగా ఇంకెవరికీ చెప్పను. ఇదే లెక్క ఇంకొకరికి వద్దనే చెప్పొచ్చు. చేతిలో పది లక్షలే ఉండి, 42 లక్షలు అప్పు తెచ్చి, అద్దె మీదే కంతు కట్టేద్దామనుకునేవాళ్లకు ఈ నోటుబుక్కు చూపిస్తే చాలు. నలభై రెండు లక్షలకు కంతు దాదాపు 37,800 అవుతుంది. అద్దె 16,000.

2024 శ్రావణంలో రిజిస్ట్రేషన్ అయింది. దసరా ముందు ఇంట్లోకి ఒక కుటుంబం వచ్చింది. మందుల కంపెనీలో పనిచేసే అబ్బాయి, అతని భార్య, ఏడాదిన్నర పాప, సిద్దిపేట వైపునుంచి వచ్చిన వాళ్లమ్మ. రెండు నెలల అడ్వాన్సు. పదకొండు నెలల ఒప్పందం. పదకొండే ఎందుకని ఆ అబ్బాయి అడిగితే నేను చెప్పగలిగాను. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా ఏడాదిని పదకొండు నెలలుగా రాసుకుంటోంది. చట్టానికి భయపడి మనం కాగితంలోంచి తీసేసిన ఆ నెలలోనే అద్దె ఇళ్ల బతుకంతా ఉంది.

రెండో నెలలో ఆ అబ్బాయి మొహమాటపడుతూ ఫోన్ చేశాడు. "మేడమ్, ఆఫీసుల హెచ్‌ఆర్‌ఏకి మీ పాన్ అడుగుతున్నరు." ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాలి. మేం జహీరాబాద్‌లో కట్టేది ఏడాదికి 1,08,000. నేను పాత పన్ను పద్ధతిలో ఉన్న రోజుల్లో మా ఇంటిగలాయన్ను ఇదే అడిగితే, పాన్ కావాలంటే ఇల్లు వేరే చూసుకోండి అన్నారు. ఆ రోజు నేను మాట్లాడకుండా వచ్చేశాను. ఇప్పుడు ఆ అబ్బాయికి ఫోన్ పెట్టెయ్యకుండానే నంబరు చెప్పాను. అయిదో తారీఖున నా ఫోనుకు రెండు మోతలు వస్తాయి. ఒకటి 16,000 జమ, ఒకటి 9,000 ఖర్చు. రెండూ ఒకే తెర మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అద్దెకు ఇవ్వడమూ అద్దెకు ఉండటమూ రెండు జాతులని చిన్నప్పుడు అనుకున్నదాన్ని. ఇప్పుడు రెండూ నేనే.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో రేటు ఒక శాతం తగ్గింది. నా రుణం 8 శాతానికి వచ్చింది. కంతు తగ్గించుకుంటారా, గడువు తగ్గించుకుంటారా అన్నారు బ్యాంకులో. కంతు అలాగే ఉంచమన్నాను. నెలకు అసలుకు జమయ్యేది 7,000 దాటింది. ఆ రేటే ఉంటే రెండున్నరేళ్లకు పైగా ముందే అప్పు తీరుతుంది. ఇంతకుముందైతే చేతిలో మిగిలే రెండు వేలకు ఆశపడేదాన్నేమో.

ఒప్పందంలో ఏటా అయిదు శాతం పెంపు రాసుకున్నాం. అంటే 800 రూపాయలు. చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి, ఖాళీ చేయించి కొత్తవాళ్లకిస్తే ఇంకో వెయ్యి ఎక్కువొస్తుందని మధ్యవర్తి చెప్పాడు. నోటుబుక్కు తీశాను. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 16,000. నెలకు వెయ్యి చొప్పున అది తిరిగి రావడానికి పదహారు నెలలు. రంగుల ఖర్చూ మధ్యవర్తి రుసుమూ కలిపితే రెండేళ్లు దాటుతుంది. వేళకు అద్దె ఇచ్చి, కొళాయి కారితే తానే వాషరు మార్చుకుని, ఇంటిని తన ఇల్లులా చూసుకునే కుటుంబం ఆ అపార్ట్‌మెంట్లో నాకున్న అసలైన ఆస్తి. అది ఏ దస్తావేజులోనూ ఉండదు. మా అమ్మ వాకిలి రెండుపూటలా ఊడ్చినప్పుడు ఆ ఇంటిగలవాళ్లకు ఎంత లాభం చేసిపెట్టిందో ఎవరూ లెక్కగట్టలేదు. గట్టి ఉంటే, వైశాఖంలో భయపడాల్సింది వాళ్లు.

అయితే లెక్కా మర్యాదా ఎప్పుడూ ఒకే వైపు ఉండవని నాకు తెలుసు. పక్కన పెద్ద ఆఫీసు వచ్చి అద్దెలు ఒక్కసారిగా 22,000 అయితే, ఒక నెల ఖాళీ ఉన్నా మూడు నెలల్లో తిరిగొస్తుంది. అప్పుడు నోటుబుక్కు వాళ్లను పంపెయ్యమనే అంటుంది. ఆ రోజు నేనేం చేస్తానో ఇప్పుడే రాసి పెట్టుకున్నాను, ఆశ ముదిరాక రాస్తే చెయ్యి తిరగదని. ఒప్పుకున్న అయిదు శాతమే. పాప బడి సంవత్సరం మధ్యలో ఖాళీ చెయ్యమనను. చెప్పాల్సింది ఏదైనా రెండు నెలల ముందే చెబుతాను. నెలకు 14,500 ఎదురు వేసుకోగలిగేంత దూరంలో అప్పు ఆపుకున్నాను కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను. అద్దె వస్తే తప్ప కంతు కట్టలేని స్థితిలో కొని ఉంటే, నేనూ ఏదో ఒక వైశాఖంలో ఎవరి గుండెల మీదో మెట్లు దిగి వచ్చేదాన్నే. మన స్తోమత ఎంతో ముందే తేల్చుకోవడంలో ఎదుటివాళ్ల నిశ్చింత కూడా ఉంది.

2025 జూలైలో స్నానాలగది గోడ చెమ్మగిల్లిందంటే చూడ్డానికి వెళ్లాను. ఒప్పందంలో అది పదో నెల. గది చూసి, మేస్త్రీతో మాట్లాడి బయల్దేరుతుంటే ఆ అబ్బాయి వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో మూతకు గుడ్డ కట్టిన సీసా.

"ఇంట్ల పెట్టిన మామిడికాయ తొక్కు, బిడ్డా. తీస్కపో."

నేను సీసా అందుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. అద్దె ఎంత పెరుగుతుందో కాగితంలో ఉంది. ఉండనిస్తారా లేదా అన్నది కాగితంలో లేదు. ఆ చూపు నాకు తెలుసు.

చెప్పులేసుకోకుండా మళ్లీ లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. "పెద్దమ్మా, వచ్చే నెలాఖరుకు కాగితం అయిపోతుంది. మళ్లీ రాసుకుందాం. రాసుకున్న పెంపు తప్ప ఇంకేం లేదు. పాపను ఇక్కడ బళ్లో వేసుకోండి, ఫర్వాలేదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పాపను ఎత్తుకుని నా ఒళ్లో కూర్చోబెట్టి టీ పెట్టడానికి వెళ్లింది.

జహీరాబాద్ బస్సులో ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, నూనె ఒలక్కుండా.